రేటు తప్పు పడితే తిట్లు ఎవరికి? ముందు మీ అడ్మిన్ ఫారమ్ సంగతి చూడండి

కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే... వీటి గురించి రోజూ రాస్తూనే ఉంటాం. ఈసారి మీకు ఎప్పుడూ కనిపించని ఒక వస్తువు గురించి మాట్లాడుకుందాం. మీరు ఏ సైట్‌లో ఫోన్ స్పెసిఫికేషన్లు చూసినా, ఆ అంకెల్లో చాలావాటిని ఎవరో ఒకరు ఒక ఫారమ్ ముందు కూర్చుని టైప్ చేసి ఉంటారు. ఆ ఫారమ్ సరిగ్గా ఉంటే మీకు సరైన రేటు కనిపిస్తుంది. సరిగ్గా లేకపోతే ఏం జరుగుతుందో మా దగ్గరే జరిగింది. అది చెప్పాకే అసలు విషయంలోకి వెళ్తాను.

ఒక పండగ సేల్ టైమ్‌లో నంద్యాల దగ్గర పల్లె నుంచి ఒకాయన మాకు ఫోన్ చేశారు. కూతురు డిగ్రీలో చేరింది, ఫోన్ కొనిపెట్టాలి. మా సైట్‌లో ఒక మోడల్ ఆఫర్ ధర రూ. 12,499 అని చూశారు. డబ్బు సర్దుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కి టౌన్‌కి వెళ్లారు. షాపులో అడిగితే రూ. 21,499 అన్నారట. "మీ సైట్ తీసి చూపించి మరీ అడిగాను సార్. షాపాయన నవ్వాడు. బస్సు ఛార్జీలు పోతే పోయాయి, పిల్ల ముందు చిన్నతనం అయిపోయింది" అన్నారు ఆయన. గట్టిగా కూడా అరవలేదు. అరిచి ఉంటేనే నయంగా ఉండేది.

21,499 కొట్టాల్సిన చోట 12,499 పడింది. మొదటి రెండు అంకెలు తారుమారయ్యాయి, అంతే. ఆ రోజు రాత్రి రేట్లు మార్చింది మా డెస్క్‌లో ఉన్న సబ్ ఎడిటర్. నేను నేరుగా ఆమె సీటు దగ్గరికి వెళ్లి అందరి ముందే క్లాస్ పీకాను. ఆమె ఒక్కటే మాట అంది: "అన్నా, నేను కొట్టినప్పుడు ఎర్ర అక్షరాలు ఏమీ రాలేదు. మామూలుగానే సేవ్ అయింది."

రాకపోవడం ఏంటి? లాంచ్ ధర మీద 40 శాతానికి మించి తగ్గిస్తే ఒప్పుకోవద్దని ఆ రూల్ రాసింది నేనే కదా! ఆ మోడల్ లాంచ్ ధర రూ. 23,999. రూ. 12,499 అంటే దాదాపు సగం. రూల్ పట్టుకుని తీరాలి. రెండు గంటలు కోడ్ ముందు కూర్చున్నాక తేలింది ఏంటంటే, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తప్పు నాది.

అందుకే ఈ ఆర్టికల్. నా వాదన ఒక్కటే: డేటా తప్పు పడితే ముందు ఫారమ్ కట్టినవాళ్లని అడగండి, టైప్ చేసినవాళ్లని తర్వాత. ఆ ఫారమ్ కట్టేవాళ్లు కూడా రూల్‌ని ఒక పేజీకి కట్టేసి వదిలేయకుండా, డేటా ఉన్న చోట పెట్టాలి.

అసలు ఈ అడ్మిన్ ఏంటి?

మా సైట్ వెనకాల నడిచేది జాంగో. పైథాన్‌లో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్. దీని పుట్టుక కథ మాలాంటి వాళ్లకి భలే దగ్గరగా ఉంటుంది. 2003లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే పత్రిక వెబ్ టీమ్‌లో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ కలిసి మొదలుపెట్టారు. 2005 జులైలో అందరికీ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు. న్యూస్‌రూమ్‌లో డెడ్‌లైన్ల మధ్య పుట్టిన సాఫ్ట్‌వేర్ అన్నమాట.

దాంట్లో అందరికీ నచ్చే ఫీచర్ అడ్మిన్. "ఫోన్" అనే మోడల్‌కి పేరు, ధర, బరువు, బ్యాటరీ ఇవీ ఫీల్డులు అని నాలుగు లైన్లు రాస్తే చాలు. వాటిని ఎక్కించడానికి, మార్చడానికి, వెతకడానికి పేజీలు రెడీ అయిపోతాయి. విడిగా ఒక్క హెచ్‌టీఎంఎల్ పేజీ కూడా డిజైన్ చేయక్కర్లేదు. చిన్న టీమ్‌లకి ఇది వరం. మేం కూడా దీంతోనే బండి లాగుతున్నాం.

ఆ వరంలోనే చిక్కు కూడా ఉంది. పేజీ ఉచితంగా వచ్చింది కదా అని, అందులో ఏం టైప్ చేయొచ్చో ఏం చేయకూడదో మనం ఆలోచించడం మానేస్తాం. ధర అంకె అయితే చాలని జాంగో అనుకుంటుంది. ఆ అంకెకి అర్థం ఉందా లేదా అన్నది మనం చెప్పాలి.

రూల్ ఉంది, కానీ ఆ దారిలో లేదు

ఇక నా తప్పు ఎక్కడో చెప్తాను. జాంగో అడ్మిన్‌లో మన సొంత రూల్ పెట్టాలంటే అందరూ చెప్పే పద్ధతి ఒకటుంది. సొంత ఫారమ్ క్లాస్ రాసి, అందులో "క్లీన్" అనే ఫంక్షన్‌లో చెక్ పెట్టి, ఆ ఫారమ్‌ని వాడుకోమని అడ్మిన్‌కి చెప్పాలి. నేనూ అదే చేశాను. ఫోన్ పేజీ తెరిచి, ధర తప్పుగా కొట్టి, సేవ్ నొక్కి చూశాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. పని అయిపోయిందనుకుని టీ తాగడానికి వెళ్లిపోయాను.

కానీ సేల్ రాత్రుల్లో ఎవరూ ఒక్కో ఫోన్ పేజీ తెరిచి రేటు మార్చరు. వందకి పైగా మోడళ్లు ఉంటాయి. అందుకోసమే జాంగోలో "లిస్ట్ ఎడిటబుల్" అనే సౌకర్యం ఉంది. ఫోన్ల జాబితా పేజీలోనే వరసగా ధర బాక్సులు కనిపిస్తాయి. చకచకా మార్చేసి కింద ఒక్కసారి సేవ్ కొడితే సరి. దాన్ని ఆన్ చేసింది కూడా నేనే, డెస్క్ వాళ్లకి పని తేలికవుతుందని.

అసలు కిటుకు ఇదే: ఆ జాబితా పేజీ మనం రాసిన సొంత ఫారమ్‌ని వాడదు. మోడల్ నుంచి తనే ఇంకో ఫారమ్ తయారు చేసుకుంటుంది. అక్కడ కూడా మన రూల్ నడవాలంటే "గెట్ చేంజ్‌లిస్ట్ ఫారమ్" అనే వేరే ఫంక్షన్‌లో విడిగా చెప్పాలి. నేను చెప్పలేదు. ముందు గుమ్మానికి తాళం వేసి, పెరటి తలుపు తీసి పెట్టి, దొంగ పడ్డాడని ఇంట్లోవాళ్లని తిట్టినట్టుంది నా పని.

తలుపులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి

ఆ రోజు ఒక కాగితం తీసుకుని, మా డేటాబేస్‌లోకి ఒక ధర ఎన్ని దారుల్లో రాగలదో రాశాను. నాలుగు తేలాయి.

1. ఫోన్ లోపలి పేజీ. ఇక్కడ నా ఫారమ్ నడుస్తుంది.

2. జాబితా పేజీ. ఇక్కడ నా ఫారమ్ నడవదు. కానీ మోడల్ లోపల "క్లీన్" రాసి ఉంటే అది మాత్రం నడుస్తుంది.

3. రాత్రిపూట రేట్లు తెచ్చే స్క్రిప్ట్. ఇక్కడ ఫారమ్ అనేదే లేదు. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, జాంగోలో మోడల్ మీద "సేవ్" అని పిలిస్తే వ్యాలిడేషన్ దానంతట అది జరగదు. "ఫుల్ క్లీన్" అని మనమే పిలవాలి. ఇక "అప్‌డేట్", "బల్క్ క్రియేట్" లాంటివి వాడితే మనం రాసుకున్న సేవ్ ఫంక్షన్ కూడా నడవదు, విలువ నేరుగా డేటాబేస్‌కి వెళ్లిపోతుంది.

4. ఎప్పుడైనా అర్జెంటుగా నేను సర్వర్‌లో షెల్ తెరిచి చేత్తో మార్చేది. దీని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

నాలుగు తలుపులుంటే నేను కాపలా పెట్టింది ఒక్కదానికి. మీరు కూడా జాంగో వాడుతుంటే, ఈ లిస్ట్ ఒకసారి రాసి చూసుకోండి. పది నిమిషాల పని.

ఇప్పుడు మా దగ్గర రూల్స్ మూడు అంతస్తుల్లో ఉన్నాయి. కింది అంతస్తు డేటాబేస్. ధర సున్నా కంటే ఎక్కువ ఉండాలి, ఆఫర్ ధర లాంచ్ ధరని మించకూడదు. మా సైట్ లెక్క ప్రకారం వీటికి మినహాయింపు లేదు. ఇలాంటివి "చెక్ కన్‌స్ట్రెయింట్"గా పెట్టాం. జాంగో 2.2 నుంచి ఇది ఉంది. 4.1 వెర్షన్ నుంచి ఫుల్ క్లీన్ కూడా వీటిని చూస్తుంది కాబట్టి, ఫారమ్‌లో ఆ ఫీల్డులు ఉంటే ఎర్రర్ మనిషికి అర్థమయ్యేలా చూపించొచ్చు. షెల్ తెరిచి నేను మార్చినా సరే, డేటాబేస్ ఒప్పుకోదు.

మధ్య అంతస్తు మోడల్‌లోని క్లీన్. పై రెండు పేజీలకీ వర్తించే రూల్స్ ఇక్కడ ఉంటాయి. స్క్రిప్ట్ కూడా ఇప్పుడు ఒక్కో ఫోన్‌కి ఫుల్ క్లీన్ పిలిచాకే సేవ్ చేస్తుంది. కాస్త నెమ్మదించింది. రాత్రి 2 గంటలకి నడిచే స్క్రిప్ట్ నెమ్మదిస్తే ఎవరికి నష్టం?

ఇక్కడో చిన్న జాగ్రత్త. మోడల్ క్లీన్‌లో ఎర్రర్‌ని ఒక ఫీల్డ్ పేరు మీద వేస్తున్నప్పుడు, ఆ ఫీల్డ్ ఆ పేజీలో ఉందో లేదో చూసుకోవాలి. మా జాబితా పేజీలో ఆఫర్ ధర ఉంది, లాంచ్ ధర లేదు. ఎర్రర్‌ని లాంచ్ ధర మీద వేస్తే ఎర్ర అక్షరాల బదులు పేజీయే కూలిపోతుంది. మాకు కూలింది కూడా. అందుకే ఎర్రర్ ఎప్పుడూ ఆఫర్ ధర కిందే పడేలా మార్చాం.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తుంటారు. అడ్మిన్‌లో "సేవ్ మోడల్" అనే ఫంక్షన్ ఉంది కదా అని, దాంట్లో చెక్ పెట్టి అక్కడ ఎర్రర్ విసురుతారు. అది పని జరిగే చోటే తప్ప ఆపే చోటు కాదు. ఫారమ్ సరే అన్న తర్వాతే కోడ్ అక్కడికి వస్తుంది. అక్కడ ఎర్రర్ విసిరితే టైప్ చేసేవాళ్లకి కనిపించేది సర్వర్ ఎర్రర్ పేజీ. పావుగంట కొట్టిందంతా పోయిందని భయపడతారు.

పై అంతస్తు ఫారమ్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఆపడం వేరు, అడగడం వేరు

40 శాతం రూల్‌ని మోడల్‌లోకి దించేద్దామని మొదట అనుకున్నాను. అప్పుడు ఎటు నుంచి వచ్చినా ఆపేస్తుంది. కానీ మా సబ్ ఎడిటరే అడిగింది: "మరి రెండేళ్ల కిందటి ఫోన్ నిజంగానే సగం రేటుకి వస్తే?" నిజమే కదా. పాత స్టాక్ వదిలించుకోవడానికి అలా ఇస్తూనే ఉంటారు. రూల్ గట్టిగా ఆపేస్తే, నిజమైన రేటుని కూడా ఎక్కించలేం. అప్పుడు మా సైట్ ఇంకో రకంగా అబద్ధం చెప్తుంది.

కాబట్టి రూల్స్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఎప్పటికీ కుదరనివి. ధర మైనస్‌లో ఉండటం, ఐఎంఈఐలో 14 అంకెలే ఉండటం లాంటివి. వీటిని ఆపేయాలి. రెండోది "కుదురుతుంది, కానీ అనుమానంగా ఉంది" అనేవి. వీటిని ఆపకూడదు, ఒకసారి అడగాలి.

మొదటి రకానికి మంచి ఉదాహరణ ఐఎంఈఐ. రివ్యూ కోసం మా దగ్గరికి వచ్చే ప్రతి ఫోన్‌నీ ఐఎంఈఐతో రిజిస్టర్‌లో ఎక్కిస్తాం, తిరిగి పంపేటప్పుడు గొడవ రాకుండా. ఐఎంఈఐలో 15 అంకెలుంటాయి. చివరి అంకె మిగతా 14 మీద లూన్ ఫార్ములాతో లెక్కగట్టి వచ్చేది. ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ లెక్క కుదరదు. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది, 09, 90 జత ఒక్కటి తప్ప. పది లైన్ల వ్యాలిడేటర్ రాస్తే చాలు, మనిషి కంటికి ఆనని తప్పు మెషీన్‌కి దొరికిపోతుంది. ధరకి కూడా ఇలాంటి చెక్ అంకె ఉండి ఉంటే నంద్యాల ఆయనకి బస్సు ఛార్జీలు మిగిలేవి!

రెండో రకానికి ఉదాహరణ ఎస్‌ఏఆర్ విలువ, అంటే ఫోన్ రేడియేషన్ కొలత. మన దేశంలో పరిమితి కిలోకి 1.6 వాట్లు, అది 1 గ్రాము కణజాలం మీద సగటు. యూరప్‌లో పరిమితి 2 వాట్లు, అక్కడ 10 గ్రాముల మీద సగటు తీస్తారు. డెస్క్‌లో ఎవరైనా 1.8 అని కొట్టారనుకోండి. టైపింగ్ తప్పు కాకపోవచ్చు, యూరప్ మోడల్ షీట్ చూసి కొట్టి ఉండొచ్చు. "ఈ విలువ చెల్లదు" అంటే వాళ్లకేం అర్థమవుతుంది? "ఇది ఇండియా పరిమితి 1.6 దాటింది. యూరప్ షీట్ చూశారా?" అని అడిగితే వెంటనే తెలిసిపోతుంది.

చిక్కేంటంటే, జాంగో ఫారమ్‌కి "వార్నింగ్" అనే మాట తెలియదు. ఎర్రర్ ఉంటే ఆపుతుంది, లేకపోతే సేవ్ చేస్తుంది. మధ్యలో ఏమీ లేదు. సేవ్ అయ్యాక పైన పసుపు రంగు మెసేజ్ చూపించొచ్చు. కానీ అప్పటికి తప్పు రేటు సైట్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. నా దృష్టిలో జాంగో అడ్మిన్‌లో పెద్ద లోటు ఇదే.

మేం చేసుకున్న ఏర్పాటు చెప్తాను. లోపలి పేజీ ఫారమ్‌లో "సరిచూశాను" అని ఒక చెక్ బాక్స్ పెట్టాం. అది డేటాబేస్‌లో ఉండదు, ఫారమ్‌లోనే ఉంటుంది. ధర 40 శాతానికి మించి తగ్గితే, టిక్ లేకుండా సేవ్ కాదు. టిక్ పెడితే వెళ్లిపోతుంది, ఎవరు టిక్ పెట్టారో లాగ్‌లో పడుతుంది. జాబితా పేజీలో ఆ టిక్ పెట్టే చోటు లేదు. అందుకని అక్కడ గెట్ చేంజ్‌లిస్ట్ ఫారమ్ ద్వారా వేరే చిన్న ఫారమ్ పెట్టాం. మామూలు మార్పులు అక్కడే అయిపోతాయి. పెద్ద తేడా ఉంటే "ఈ ఒక్కటి లోపలి పేజీలో మార్చండి" అని చెప్తుంది. సేల్ రాత్రి వంద రేట్లలో అలా లోపలికి వెళ్లాల్సి వచ్చేవి నాలుగో ఐదో. ఆ నాలుగైదే మనం జాగ్రత్తగా చూడాల్సినవి.

సున్నా గ్రాముల ఫోన్

ఇంతా విని, ప్రతి ఫీల్డ్‌కీ గట్టి రూల్ పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకుంటున్నారా? ఆ సరదా కూడా మాకు తీరింది.

ఒకప్పుడు బరువు ఫీల్డ్‌ని తప్పనిసరి చేశాం. ఖాళీగా వదిలితే సేవ్ కాదు. కొన్ని ఫోన్లకి లాంచ్ రోజున కంపెనీ బరువు చెప్పదు. డెస్క్ వాళ్లకి ఆర్టికల్ పోస్ట్ చేయాలి, ఫారమ్ ఒప్పుకోదు. ఏం చేస్తారు? 0 కొట్టారు. కొన్నాళ్లకి మా "అతి తేలికైన ఫోన్లు" పేజీలో మొదటి ర్యాంకు సున్నా గ్రాముల ఫోన్‌కి వచ్చింది. గాల్లో తేలుతుందేమో మరి!

మన తెలుగువాళ్లకి ఈ బాధ కొత్తేమీ కాదు. ఇంటిపేరు ముందు రాసుకుని, దాన్ని కూడా ఒక్క అక్షరానికి కుదించుకునేవాళ్లం మనం. "లాస్ట్ నేమ్ కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అనే ఫారమ్ ముందు ఎంతమంది తల గోక్కున్నారో! కొందరు పేరే రెండుసార్లు కొడతారు, కొందరు ఇనిషియల్‌ని రెండుసార్లు కొడతారు. తర్వాత టికెట్ మీద పేరు ఒకటి, ఐడీ కార్డు మీద పేరు ఇంకొకటి. అక్కడ అబద్ధం చెప్పమని నేర్పింది ఫారమే.

జాంగోలో "తెలియదు" అని చెప్పడానికి దారి ఉంది. "బ్లాంక్" అనేది ఫారమ్‌లో ఖాళీ వదలొచ్చా అన్నది చూస్తుంది. "నల్" అనేది డేటాబేస్‌లో ఖాళీ ఉంచొచ్చా అన్నది చూస్తుంది. అంకెల ఫీల్డులకి రెండూ ఇచ్చి, సైట్ మీద "కంపెనీ ఇంకా వెల్లడించలేదు" అని చూపించండి. పాఠకుడికి సున్నా కంటే అది వెయ్యి రెట్లు మేలు.

తెలుగులో టైప్ చేస్తే మొదలయ్యే తంటాలు

మాలాగా తెలుగులో సైట్ నడిపేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది దాదాపు కనిపించదు.

పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "అక్షరం" అని అర్థం వచ్చే ఒక గుర్తు ఉంటుంది. అది త, ల, గలని ఒప్పుకుంటుంది కానీ గుణింతాల గుర్తుల్ని, పొల్లుని ఒప్పుకోదు. దాని లెక్కలో అవి అక్షరాలు కావు. జాంగోలో స్లగ్ ఫీల్డ్‌కి యూనికోడ్ ఆన్ చేసినా ఇదే కథ. "తెలుగు" అని ఇస్తే చెల్లదంటుంది. స్లగ్‌ని తయారు చేసే ఫంక్షన్‌కి "తెలుగు" ఇచ్చి చూడండి, "తలగ" అని బయటికి వస్తుంది! యూజర్‌నేమ్ చెక్ చేసే రూల్‌కి కూడా ఇదే జబ్బు.

అదే "అంకె" అనే గుర్తు మాత్రం మహా ఉదారం. ౧, ౨, ౩ కూడా ఒప్పుకుంటుంది. మోడల్ నంబర్‌లో తెలుగు అంకెలు వద్దనుకుంటే 0 నుంచి 9 వరకు అని విడమరిచి రాయాల్సిందే.

పొడవు లెక్క ఇంకో వింత. "స్మార్ట్‌ఫోన్" అనే మాటలో మన కంటికి స్మా, ర్ట్, ఫో, న్ అని నాలుగు ముక్కలు కనిపిస్తాయి. జాంగో లెక్కలో 13 క్యారెక్టర్లు. హెడ్‌లైన్‌కి 60 అని పరిమితి పెడితే, ఇంగ్లిష్ వాళ్లకి సరిపోయేది మనకి సగం వాక్యంలోనే నిండిపోతుంది. పరిమితి పెట్టేముందు మీ పాత హెడ్‌లైన్లు తీసి కొలవండి.

ఇక కంటికి కనిపించని శత్రువు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా ఆపే క్యారెక్టర్ అది. కొన్ని కీబోర్డులు మాట చివర పొల్లు తర్వాత కూడా దాన్ని వదిలేస్తాయి. చూడటానికి రెండూ "గేమింగ్ ఫోన్" అనే కనిపిస్తాయి, డేటాబేస్‌కి మాత్రం రెండూ వేరు. యూనిక్ అని పెట్టినా పట్టుకోదు. ఖాళీలు తీసేసే ఫంక్షన్ కూడా దాన్ని వదిలేస్తుంది, ఎందుకంటే పైథాన్ లెక్కలో అది ఖాళీ కాదు. మా ట్యాగుల్లో ఒకే పేరుతో రెండు పేజీలు ఇలాగే పుట్టుకొచ్చాయి. దీనికి ఎర్రర్ చూపించి ప్రయోజనం లేదు. కనిపించని దాన్ని తీసేయమని మనిషికి ఎలా చెప్తాం? మోడల్ క్లీన్‌లోనే చివరన ఉన్నదాన్ని చప్పుడు లేకుండా కత్తిరించేస్తున్నాం. యూనిక్ చెక్ ఆ తర్వాతే నడుస్తుంది కాబట్టి డూప్లికేట్ అక్కడే దొరికిపోతుంది.

ఎర్ర అక్షరాల్లో ఏం రాయాలి?

"సరైన విలువ ఇవ్వండి" అనే మెసేజ్ రాసినవాళ్లని రాత్రి 11 గంటలకి మా డెస్క్‌లో కూర్చోబెట్టాలని ఉంటుంది నాకు. ఏది సరైనది? ఎందుకు కాదు? ఏం చేయాలి?

మా ధర మెసేజ్ ఇప్పుడు ఇలా ఉంటుంది: "లాంచ్ ధర 23,999. మీరు కొట్టింది 12,499. 40 శాతానికి మించి తగ్గింది. అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. నిజమే అయితే కింద టిక్ పెట్టండి." పొడుగ్గా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇది చదివాక ఎవరూ నన్ను పిలవలేదు. ఫారమ్ పైన ఎక్కడో కాకుండా, ఆ బాక్స్ పక్కనే కనిపించడం కూడా ముఖ్యం. "యాడ్ ఎర్రర్" అనే ఫంక్షన్‌కి ఫీల్డ్ పేరు ఇస్తే చాలు.

"చిన్న టీమ్ కదా, ఇదంతా అవసరమా?"

ఈ మాట చాలామంది ఫ్రెండ్స్ అన్నారు. అడ్మిన్ మన వాళ్లే వాడతారు, బయటివాళ్లు కాదు, జాగ్రత్తగా ఉండమంటే పోలా అని. జాంగో డాక్యుమెంటేషన్ కూడా అడ్మిన్‌ని సంస్థ లోపలి పనులకే వాడుకోమంటుంది, అది నిజమే.

కానీ లోపలివాళ్లు టైప్ చేసేదే బయటికి కనిపిస్తుంది. బయటి ఫారమ్‌లో ఎవరైనా తప్పు కొడితే ఆ ఒక్కరికే ఇబ్బంది. అడ్మిన్‌లో తప్పు కొడితే ఆ పేజీ చూసిన ప్రతి ఒక్కరికీ ఇబ్బంది. పైగా జాగ్రత్త అనేది పగలు 11 గంటలకి ఉన్నట్టు రాత్రి 11 గంటలకి ఉండదు. నాకూ ఉండదు, మీకూ ఉండదు.

ఖర్చు కూడా చూద్దాం. పైన చెప్పిన మార్పులన్నీ కలిపి నాకు మూడు రోజుల పని. అందులో ఒక రోజు పాత డేటా శుభ్రం చేయడానికే పోయింది. కొత్త రూల్ పెట్టేముందు పాత రికార్డుల మీద ఒకసారి ఫుల్ క్లీన్ నడిపి చూడండి. లేకపోతే ఎవరో పాత ఫోన్‌లో స్పెల్లింగ్ దిద్దబోతే, సంబంధం లేని ధర ఎర్రర్ వచ్చి సేవ్ కాక జుట్టు పీక్కుంటారు.

మా రేటింగ్: జాంగో అడ్మిన్ వ్యాలిడేషన్

నచ్చినవి:
- ఫీల్డ్, ఫారమ్, మోడల్, డేటాబేస్, ఏ స్థాయిలో కావాలంటే ఆ స్థాయిలో రూల్ పెట్టొచ్చు
- మోడల్‌లో పెట్టిన రూల్ రెండు అడ్మిన్ పేజీలకీ తనంతట వర్తిస్తుంది
- ఎర్రర్ మెసేజ్‌లు తెలుగులో హాయిగా రాసుకోవచ్చు

నచ్చనివి:
- ఆపకుండా అడిగే "వార్నింగ్" సౌకర్యం లేదు
- జాబితా పేజీ మన సొంత ఫారమ్‌ని పట్టించుకోదు, ఆ సంగతి మనకి చెప్పదు
- సేవ్ చేసినప్పుడు వ్యాలిడేషన్ దానంతట అది జరగదు
- తెలుగు గుణింతాలతో స్లగ్, యూజర్‌నేమ్ రూల్స్ కుదరవు

మొత్తానికి సాధనం మంచిదే, కాకపోతే ఎక్కడ ఏ రూల్ నడుస్తుందో తెలిసి వాడాలి. కుదరని వాటిని డేటాబేస్ దగ్గర, మోడల్ దగ్గర ఆపండి. అనుమానం ఉన్నవాటిని ఫారమ్ దగ్గర అడగండి. తెలియనివాటిని తెలియదని రాసుకోనివ్వండి. సైట్ వాళ్లకే కాదు, స్కూల్ మార్కులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకైనా, ఆస్పత్రిలో మందుల డోసు ఎక్కించే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకైనా ఇదే చెప్తాను. అక్కడ రెండు అంకెలు తారుమారైతే పోయేది బస్సు ఛార్జీలు మాత్రమే కాదు.

మా సబ్ ఎడిటర్‌కి అందరి ముందు తిట్టినట్టే, అందరి ముందే సారీ చెప్పాను. "పర్లేదన్నా, ఇప్పుడైనా ఎర్ర అక్షరాలు వస్తున్నాయి కదా" అంది. నంద్యాల ఆయనకి కూడా తిరిగి ఫోన్ చేసి, తప్పు మాదేనని చెప్పి, ఆయన బడ్జెట్‌లో మూడు మోడళ్లు చెప్పాను. ఈసారి రేట్లు సైట్‌లో చూసి చెప్పలేదు. ముందు నేనే షాపుకి ఫోన్ చేసి కనుక్కున్నాను.